రియాక్టర్ స్టీలు మీద మా అమ్మాయి పీహెచ్‌డీ: అణు కరెంటుకి మన దగ్గర నిజంగా రోజులున్నాయా?

గొల్లపూడి బాబాయ్ · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కొత్తగా చేరాను, తప్పులుంటే సర్దుకోండి.

ముప్పై మూడేళ్లు బొగ్గు కరెంటు అన్నం తిన్నాను. బాయిలర్ మెయింటెనెన్స్. ఏ స్టేషన్లో అన్నది ఇక్కడ అనవసరం. రిటైరై ఇంట్లో కూర్చున్నాను. మా అమ్మాయికి మెటలర్జీలో ఎం.టెక్. అయిపోవచ్చింది, పీహెచ్‌డీ చేస్తానంటోంది. టాపిక్కేంటమ్మా అంటే, రియాక్టర్ లోపల న్యూట్రాన్లు తగిలినప్పుడు స్టీల్లో అణువులు ఎట్లా చెదురుతాయో కంప్యూటర్లో లెక్కకట్టి చూడటమట. మా బావమరిది వెంటనే అందుకున్నాడు. "ఎటూ కంప్యూటర్ ముందే కూర్చునేదైతే ఆ కూర్చునేదేదో హైటెక్ సిటీలో కూర్చోవచ్చుగా" అని. అందరూ నవ్వారు, అమ్మాయి మాత్రం లేచి లోపలికెళ్లిపోయింది.

నాకు రెండు అనుమానాలున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో అణు విద్యుత్ కేంద్రం పెడతామన్న కొవ్వాడ పేరు ఏళ్ల తరబడి పేపర్లో చూస్తున్నా, రియాక్టరు పని మాత్రం మొదలవలేదు. జర్మనీవాళ్లు 2023 ఏప్రిల్‌లో తమకున్న ఆఖరి మూడూ మూసేశారు. మరి ఈ పిల్ల ఐదారేళ్లు కష్టపడి బయటికొచ్చేసరికి ఈ రంగం ఉంటుందా? రెండోది, స్టీలు గురించి ఇంకా తెలుసుకోవడానికి ఏం మిగిలింది? రియాక్టర్లు అరవై, డెబ్బై ఏళ్లుగా నడుస్తున్నాయి కదా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా తమ్ముడి కుటుంబం సింగ్‌నగర్‌లో నాలుగు రోజులు మేడ మీదే ఉండిపోయింది. అప్పట్నుంచి వాతావరణ మార్పు అనే మాట పేపరు వార్తలా అనిపించడం లేదు. ఆ పొగలో నా వంతు నేనూ పోశాను కదా అని ఒక్కోసారి రాత్రిళ్లు అనిపిస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టేవాళ్లు కూడా కాస్త మెల్లగా తిట్టండి.

బ్రాడీపేట 4/14 · ఆదివారం, రాత్రి 9:50

బాబాయ్ గారూ, స్వాగతం. ముందు ఒక చిన్న దిద్దుబాటు, ఫిజిక్స్ లెక్చరర్ని కాబట్టి ఆగలేను. స్టీల్లో ఉండేవి అణువులు కావు, పరమాణువులు. నీళ్లకి అణువు, ఇనుముకి పరమాణువు. కరెంటుకీ బాంబుకీ మాత్రం ఎందుకో "అణు" అనే స్థిరపడిపోయింది. ఇంటర్ పిల్లలకి ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

బుడమేరు వరద ఒక్కదాన్నీ పట్టుకుని వాతావరణ మార్పు అనేయలేమండీ. కట్టకి గండ్లు పడ్డాయి, వాగు దారిలో ఇళ్లు లేచాయి. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కురిసేటప్పుడు ఆ ఎక్కువ కూడా కురుస్తుంది. ఆ సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజికి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజి చరిత్రలో అంత ఎప్పుడూ లేదు.

ఇక కార్బన్ సంగతి. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2014 నివేదిక లెక్కలో, గని దగ్గర్నుంచి ప్లాంటు కూల్చేదాకా అన్నీ కలిపి, ఒక యూనిట్ కరెంటుకి బొగ్గు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదిలితే అణు విద్యుత్తు 12 గ్రాములు వదులుతుంది. గాలిమరలు 11, పెద్ద సోలార్ ప్లాంట్లు 48. పొగ విషయంలో వాదనే లేదు. వాదనంతా డబ్బు, టైము, చెత్త, భయం, ఈ నాలుగింటి మీదే.

సోలార్ సత్తెనపల్లి · ఆదివారం, రాత్రి 10:31

టైము అన్నారు కాబట్టి నేను దిగుతున్నా. ముందే చెప్తున్నా, నేను మేడల మీద ప్యానెళ్లు బిగించే వ్యాపారం చేస్తాను, నా మాట అలానే వినండి.

గుజరాత్‌లో కాక్రాపార్ మూడో యూనిట్, మనవాళ్లు సొంతంగా డిజైన్ చేసిన 700 మెగావాట్లలో మొదటిది. 2010 నవంబరులో కాంక్రీటు పోశారు, 2023 మధ్యలో గానీ వాణిజ్యపరంగా కరెంటు అమ్మలేదు. అదే పన్నెండున్నరేళ్లలో దేశంలో సోలార్ దాదాపు సున్నా నుంచి వేల మెగావాట్లకి పోయింది, రియాక్టరు ఒక్కటి కట్టే టైములో! 2025 జనవరి చివరికి లక్ష మెగావాట్లు దాటింది.

కొవ్వాడలో పెడతామంటున్నది అమెరికా వెస్టింగ్‌హౌస్ వాళ్ల డిజైన్, ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు. దాని పేరు ఏపీ1000. ఏపీకి ఏపీ1000, పేరు మాత్రం బాగా కుదిరింది. అదే రకం రెండు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగల్ దగ్గర కడితే ఏడేళ్లు ఆలస్యం, ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. కట్టే కంపెనీయే మధ్యలో 2017లో దివాలా పిటిషన్ వేసింది. బాబాయ్ గారూ, అమ్మాయి ఇష్టం అమ్మాయిది. కానీ వాతావరణం మన కోసం పన్నెండేళ్లు ఆగదు.

మిర్చియార్డు · ఆదివారం, రాత్రి 11:05

సోలార్ అన్నా, నీ లెక్కలన్నీ పగటివి. నాది గుంటూర్లో కోల్డ్ స్టోరేజి. మార్చి నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) నిండిపోతాయి, మే నెల రాత్రి రెండింటికి కూడా బయట గోడ పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. కంప్రెసర్ ఆగితే కాయ రంగు తిరుగుతుంది, రంగు తిరిగితే రేటు పోతుంది. రైతుకి సూర్యుడు అస్తమించాడని చెప్పమంటావా?

మా షెడ్డు మీద కూడా ప్యానెళ్లున్నాయి, కాదనను. పగలు బిల్లు బాగా తగ్గింది. రాత్రి మాత్రం బొగ్గే.

సోలార్ సత్తెనపల్లి · ఆదివారం, రాత్రి 11:11

బ్యాటరీలు చౌకవుతున్నాయి అన్నా. సాగర్ మెయిన్ పవర్‌హౌస్‌లో ఏడు యూనిట్లు రివర్సిబుల్, పగలు నీళ్లు పైకి తోడి రాత్రి దించొచ్చు. పిన్నాపురంలోనూ అదే పని. రైతుల మోటార్లకి పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తున్నది కూడా సోలార్‌కి అచ్చంగా సరిపోతుంది.

బ్రాడీపేట 4/14 · సోమవారం, ఉదయం 6:20

లక్ష మెగావాట్ల సోలార్ అంటే లక్ష మెగావాట్ల బొగ్గుతోనో రియాక్టర్లతోనో సమానం కాదు తమ్ముడూ. రాత్రి, మబ్బు, సాయంత్రం అన్నీ తీసేస్తే ఏడాది సగటున ఐదో వంతు వస్తుంది. రియాక్టరు పెట్టిన మెగావాట్లలో నూటికి ఎనభై పైన ఇస్తుంది. కర్ణాటకలో కైగా మొదటి యూనిట్ 2018 చివర్లో ఆగేటప్పటికి 962 రోజులు ఏకబిగిన నడిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ ఐదో వంతు కలిపినా నీ వేగం ముందు రియాక్టర్ల వేగం తీసికట్టే, అదీ ఒప్పుకుంటా. అణు కరెంటు వాటా మన దేశంలో ఇప్పటికీ నూటికి మూడు.

గొల్లపూడి బాబాయ్ · సోమవారం, ఉదయం 8:02

962 రోజులా! మా దగ్గర ఒక యూనిట్ వంద రోజులు ఆగకుండా నడిస్తే స్వీట్లు పంచేవాళ్లం.

రాత్రి నిద్ర పట్టక ఒక లెక్క వేశాను, చూసి చెప్పండి. 210 మెగావాట్ల యూనిట్ ఫుల్‌లోడు మీద రోజుకి 50 లక్షల యూనిట్లు. యూనిట్‌కి 700 గ్రాముల బొగ్గు వేసుకుంటే 3,500 టన్నులు, అంటే రోజుకో గూడ్సు. అందులో మూడో వంతు పైన బూడిదే. ఆ గూడ్సు కోసం ఎదురుచూడటం, వానాకాలం బొగ్గు తడిసి బంకర్లో అతుక్కుంటే మనుషులు సుత్తులతో బంకర్ని బాదడం, ఇదంతా చూసినవాణ్ణి. మరి 220 మెగావాట్ల రియాక్టరుకి రోజుకి ఎంత ఇంధనం పడుతుందండీ?

లోహం · సోమవారం, మధ్యాహ్నం 1:40

ఎనిమిదో తొమ్మిదో బండిళ్లు బాబాయ్ గారూ. ఒక్కో బండిలు అర మీటరు పొడవు, అందులో యురేనియం ఆక్సైడు 15 కిలోలు. రోజు మొత్తం ఇంధనం ఒక ఆటోలో పట్టేస్తుంది. మన భారజల రియాక్టర్లలో ఇంకో సుఖం, ఇంధనం మార్చడానికి రియాక్టరు ఆపక్కర్లేదు. కైగా అన్ని రోజులు నడవడానికి అదీ ఒక కారణం.

నేను కొత్తపేటలో పుట్టి పెరిగాను, ఇప్పుడు తమిళనాడు తీరంలో లోహాల ల్యాబులో ఉద్యోగం. ఇక్కడ రాసేది నా సొంత అభిప్రాయం. మీ రెండో ప్రశ్నకే జవాబు చెప్తాను, ఎందుకంటే మొదటిదాని జవాబు కూడా అందులోనే ఉంది.

ఇంట్లో ఒక పళ్లెం తీసుకోండి. అందులో ఎండు బఠాణీలు ఒకే పొరగా, అంచుదాకా ఒత్తుగా పేర్చండి. అదే మీ స్టీలు. ఇప్పుడు ఒక బఠాణీని వేలితో గట్టిగా కొట్టి ఆ వరసల్లోకి పంపండి. ఒకటి రెండు ఎగిరి ఇంకోచోట ఇరుక్కుంటాయి. అవి ఉన్నచోట ఖాళీలు మిగులుతాయి. పళ్లెం కాస్త ఊపితే చాలావరకు సర్దుకుంటాయి. కానీ అన్నీ సర్దుకోవు.

రియాక్టర్లో జరిగేది ఇదే. విచ్ఛిత్తిలో పుట్టిన న్యూట్రాను శక్తి సగటున 20 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఇనుప పరమాణువుని దాని చోటునుంచి లేపడానికి 40 చాలు. కాబట్టి దెబ్బ తిన్న మొదటి పరమాణువు తన చుట్టూ వందల పరమాణువుల్ని లేపుతుంది. ఆ గొడవంతా సెకనులో లక్ష కోట్ల వంతులు కొన్నింటిలో ముగిసిపోతుంది. దాదాపు అన్నీ తిరిగి ఏదో ఒక చోట కుదురుకుంటాయి. కొన్ని ఖాళీలు, కొన్ని ఇరుక్కున్నవి మిగిలిపోతాయి. ఫాస్ట్ రియాక్టర్లో, అంటే న్యూట్రాన్ల వేగం తగ్గించకుండా నడిపే రకంలో, ఇంధనం చుట్టూ ఉండే స్టీలు గొట్టంలో ఒక్కో పరమాణువు అలా పదుల సార్లు చోటు మారుతుంది. ఆ గొట్టం మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూ. దానికి అటు ఇంధనం, ఇటు మరిగే సోడియం కాదు గానీ ఎర్రగా కాగిన కడ్డీని తలపించే వేడి సోడియం, ఇంధనం వేడిని మోసుకెళ్లేది అదే. ఆ గొట్టం తట్టుకోవాలి.

ఖాళీలు ఒకచోట చేరితే బుడగ అవుతుంది. స్టీలు లోపల, కంటికి కనపడని శూన్యం. 1960లలో బ్రిటన్లోని డౌన్‌రే రియాక్టరు నుంచి తీసిన స్టెయిన్‌లెస్ స్టీల్లో వీటిని మైక్రోస్కోపు కింద చూశారు, 1967లో ప్రచురించారు. ఆ బుడగల వల్ల స్టీలు ఉబ్బుతుంది, బరువు మారదు గానీ సైజు పెరుగుతుంది. గొట్టాలు ఉబ్బి వంగితే మధ్యలో సోడియం పారే సందు మూసుకుపోతుంది. అందుకే ఇంధనంలో సత్తువ మిగిలే ఉన్నా గొట్టం కోసం దాన్ని బయటికి తీసేయాలి. ఇంధనం కాదు బాబాయ్ గారూ, లోహమే ముందు అలసిపోతుంది.

మిగతాది రాత్రి రాస్తా, క్యాంటీన్ మూసేస్తున్నారు.

తుళ్లూరు కుర్రాడు · సోమవారం, మధ్యాహ్నం 2:15

అన్నా, ఇదే నా బీటెక్ ప్రాజెక్టు. ల్యాంప్స్ అని పరమాణువుల కదలికలు లెక్కకట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 5 లక్షల ఇనుప పరమాణువులు పెట్టి, ఒకదాన్ని కొట్టి, 20 పికోసెకన్లు (సెకనులో లక్ష కోట్ల వంతు ఒక పికోసెకను) నడపడానికి నా ల్యాప్‌టాప్‌కి రాత్రంతా పట్టింది. ఫ్యాన్ చప్పుడుకి రూమ్మేట్ దిండు తీసుకుని కారిడార్లో పడుకున్నాడు. పొద్దున్నే వీడియో చూస్తే, మధ్యలో ఒక్కసారిగా కరిగిపోయినట్టు మసక, మళ్లీ సర్దుకోవడం, చివరికి ఓ పదో పదిహేనో ఎర్ర చుక్కలు. అవి సర్దుకోనివి. వాడికి చూపిస్తే "దీనికా నా నిద్ర పాడుచేశావు" అన్నాడు.

ఇంకో మాట, మా అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ, 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటమ్ కంప్యూటర్ అంటున్నారు కదా. అది వస్తే ఇవన్నీ చిటికెలో అయిపోతాయా?

లోహం · సోమవారం, రాత్రి 9:30

అవ్వవు తమ్ముడూ. క్వాంటమ్ మెషీన్లు ఇప్పట్లో పనికొస్తే కొద్ది పరమాణువుల మధ్య ఎలక్ట్రాన్ల లెక్కకి రావచ్చు. నీ 5 లక్షల పరమాణువులకి మామూలు సూపర్ కంప్యూటరే దిక్కు. నీ ప్రాజెక్టులో అసలు చిక్కు అది కాదు. నువ్వు చూసింది 20 పికోసెకన్లు. రియాక్టర్లో స్టీలు ఉండాల్సింది ఏళ్లు. ఆ మధ్యలో ఆ ఎర్ర చుక్కలు ఎటు నడుస్తాయి, దేన్ని పట్టుకుంటాయి, ఎప్పుడు గుంపు కడతాయి? ఒక కంప్యూటరు పద్ధతితో ఆ దూరమంతా దాటలేం. అందుకే పైనుంచి అయాన్ పుంజాలు కొట్టి ఏళ్ల దెబ్బని గంటల్లో తగిలించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి, మళ్లీ కంప్యూటరు లెక్కతో సరిచూస్తాం. బాబాయ్ గారి అమ్మాయి చేయబోయేది బహుశా ఈ అతుకు పనే.

ఉబ్బకుండా ఏం చేయాలి? ఖాళీలకీ, ఇరుక్కున్నవాటికీ కలుసుకునే చోట్లు లోపలే ఏర్పాటు చేయాలి, కలిస్తే రెండూ రద్దు. కల్పాక్కం 500 మెగావాట్ల ఫాస్ట్ రియాక్టరు గొట్టాలకి వాడిన స్టీల్లో కాస్త టైటానియం కలిపి, తర్వాత చల్లగా ఉండగానే లాగి 20 శాతం సాగదీస్తారు. ఇంకో అడుగు ముందుకేస్తే, స్టీలు పొడిలో యిట్రియం ఆక్సైడు కలిపి బాల్ మిల్లులో గంటల తరబడి నూరతారు. కొన్ని నానోమీటర్ల నలుసులు లోహమంతా పరుచుకుంటాయి. హైదరాబాద్ బాలాపూర్‌లో లోహపు పొడుల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలో ఈ పొడి పని చేశారు.

గొల్లపూడి బాబాయ్ · సోమవారం, రాత్రి 10:05

బాల్ మిల్లులో మేం బొగ్గు నూరేవాళ్లం, మీరు స్టీలు నూరుతున్నారు!

మీరు "లోహమే ముందు అలసిపోతుంది" అన్నారు చూడండి, అది చదివి లేచి టీవీ స్టాండ్ దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక ట్యూబు ముక్క ఉంది. జానెడు పొడవు, లావు గోడ, మధ్యలో చేప నోరు తెరిచినట్టు చీలిపోయి ఉంటుంది. మా భాషలో దాన్ని ఫిష్‌మౌత్ అనే అంటాం. ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్ హీటర్ ట్యూబు. ఒక దీపావళి రాత్రి పోయింది. బాయిలర్ లోపల్నుంచి ఒక్కసారి ఈల వేసినట్టు మోత, బాయిలర్‌కి అదనంగా పోయాల్సిన నీళ్లు (మేకప్ వాటర్) పెరిగిపోవడం, అంతే, ట్యూబ్ లీకేజి. యూనిట్ ఆపి, బాయిలర్ చల్లారేదాకా ఆగి, లోపలికి దూరి, కోసి, కొత్తది వెల్డు చేసి, హైడ్రో టెస్టు చేసి, మళ్లీ వెలిగించేసరికి నాలుగో రోజు. ఆ ముక్కని ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మాయి ఇంటర్లో ఉండగా అడిగింది, "నాన్నా, ఎప్పుడూ ఉండే వేడే, ఎప్పుడూ ఉండే ప్రెషరే, మరి ఆ రోజే ఎందుకు పోయింది" అని. నాకు తెలిసిన జవాబు చెప్పాను. ఓవర్‌హీటింగ్ అని. ఎం.టెక్‌లో చేరాక దాని అంచు నుంచి చిన్న పలుకు కోయించుకుని పట్టుకెళ్లింది, పాలిష్ చేసి ఫొటో పంపింది. తెల్లటి స్టీలు మధ్యలో నల్ల చుక్కల వరస. "ఇవి ఏళ్లుగా లోపల పెరుగుతున్నాయి నాన్నా, మీరు వాడుతున్నప్పుడే" అంది.

మీవి న్యూట్రాన్ల వల్ల, మావి వేడీ ఒత్తిడీ వల్ల. కానీ చుక్కలు చుక్కలే కదా?

లోహం · సోమవారం, రాత్రి 10:22

చుక్కలు చుక్కలేనండీ. మీ అమ్మాయికి టాపిక్ ఎక్కడ దొరికిందో ఇప్పుడు అర్థమైంది.

సీతానగరం గట్టు · మంగళవారం, ఉదయం 7:45

అందరూ స్టీలు గొట్టం లోపలే తిరుగుతున్నారు. బయట మనుషులున్నారు, ఒకసారి అటు కూడా చూడండి.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ల గురించీ, అరటి తోటల గురించీ ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కొవ్వాడ రణస్థలం మండలంలో మత్స్యకారుల ఊరు. వాళ్లకి సముద్రం పక్కన కాక ఎక్కడో కాలనీ కట్టిస్తే బతుకు కట్టించినట్టేనా? 12 గ్రాముల కార్బన్ అని మీరు లెక్క చెప్పారు, ఆ లెక్కలో వీళ్లు ఏ వరసలో ఉన్నారు మాస్టారూ?

వాడేసిన ఇంధనం సంగతీ ఎవరూ ఎత్తలేదు. ఆటోలో పట్టేంత లోపలికి వెళ్తే, ఆటోలో పట్టేంతా బయటికి వస్తుంది. వెళ్లేటప్పుడు చేత్తో ముట్టుకోవచ్చు, వచ్చేటప్పుడు దాని దగ్గర నిలబడినవాడు బతకడు.

బ్రాడీపేట 4/14 · మంగళవారం, ఉదయం 8:30

మేడం, మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ 12 గ్రాముల్లో తవ్వకం పొగ ఉంటుంది, తవ్విన ఊరి బోరు ఉండదు. మీరన్నది న్యాయం.

ఎక్స్‌రే గది · మంగళవారం, మధ్యాహ్నం 12:10

సూర్యారావుపేటలో రేడియోగ్రాఫర్ని. భయం గురించి ఒక్కమాట. మనం ఏమీ చేయకుండా కూర్చున్నా నేల నుంచీ, ఆకాశం నుంచీ, గాలి నుంచీ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది. ఛాతీ ఎక్స్‌రే 0.1 లోపే. కడుపు సీటీ స్కాన్ 8, 10 దాకా. ప్లాంట్ల వల్ల బయటి జనానికి ఏడాదికి 1 దాటకూడదని రూలు. తలనొప్పికి కూడా "సీటీ తీసేయండి సార్" అని పట్టుబట్టేవాళ్లే కొవ్వాడ పేరెత్తితే గుండె మీద చేయి పెట్టుకుంటారు. నవ్వాలో ఏడవాలో తెలీదు. అయితే మేడం చెప్పిన వాడేసిన ఇంధనం సంగతి వేరు, దాన్ని సీటీతో పోల్చి తేలిక చేయను.

లోహం · మంగళవారం, రాత్రి 9:15

మేడం, తుమ్మలపల్లె గురించి నేను సమర్థించడానికి రాలేదు. గని పక్క నీళ్లని గనివాళ్లు కాక వేరేవాళ్లు కొలవాలి, ఆ అంకెలు ఊళ్లో బోర్డు మీద రాయాలి అన్నది నా అభిప్రాయం.

వాడేసిన ఇంధనం మీరన్నట్టే ప్రమాదం. ముందు ఏళ్లపాటు నీళ్ల కొలనులో చల్లారుస్తారు. తర్వాత మన దేశంలో దాన్ని కరిగించి పనికొచ్చే యురేనియం, ప్లుటోనియం వేరు చేసి, మిగిలిన ఘాటు వ్యర్థాన్ని గాజులో కలిపి పోతపోస్తారు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలో ఆ పని జరుగుతోంది. ఆ గాజుని వేల ఏళ్లు ఎక్కడ పాతిపెట్టాలన్నది మనం ఇంకా తేల్చుకోలేదు. ఫిన్లాండ్ వాళ్లు రాతిలో 400 మీటర్ల పైచిలుకు లోతున సొరంగాలు తవ్వి పెట్టుకున్నారు.

భయానికి కూడా లోహంతో ఒక సంబంధం ఉంది. ఇంధనం గొట్టాలు ఎక్కువ రియాక్టర్లలో జిర్కోనియంవి, ఎందుకంటే అది న్యూట్రాన్లని దాదాపు మింగదు. మన తీరం ఇసుకలో దొరికే జిర్కాన్‌లో ఆ జిర్కోనియం ఉంటుంది. దాంతో కవల పిల్లలా హాఫ్నియం అతుక్కుని ఉంటుంది, అది న్యూట్రాన్లని వందల రెట్లు మింగుతుంది. ఆ రెంటినీ విడదీసి గొట్టాలు తీసే పని 1971లో పెట్టిన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు చేస్తోంది. అంత మంచి జిర్కోనియానికి ఒక పాడు గుణం. 1,200 డిగ్రీలు దాటితే ఆవిరితో రగిలి హైడ్రోజన్ వదులుతుంది. 2011 మార్చిలో ఫుకుషిమాలో భవనాలు పేలింది ఆ హైడ్రోజన్ వల్లే. ఇప్పుడు ఆ గొట్టం మీద సన్నటి క్రోమియం పూత వేసి చూస్తున్నారు, సిలికాన్ కార్బైడు గొట్టాలూ ప్రయత్నిస్తున్నారు. కాక్రాపార్‌లో 2016 మార్చి 11న లీకైంది కూడా ఒక జిర్కోనియం మిశ్రమ లోహపు ప్రెషర్ ట్యూబే, తుప్పు మచ్చలు తిని. రియాక్టరు మామూలుగా ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ మచ్చలు ఎందుకొచ్చాయని మా రంగంలో తలలు పట్టుకున్నాం.

సోలార్ తమ్ముడు అడిగిన టైముకి నా జవాబు ఇదీ. కొత్తవి కట్టడంలో మీరు గెలుస్తారు, ఒప్పుకుంటా. కానీ ఉన్న రియాక్టర్లని నలభై ఏళ్లకి మూయాలా, అరవై నడపాలా, ఎనభై నడపాలా? అమెరికాలో కొన్నింటికి ఎనభైకి అనుమతి ఇచ్చారు. అది తేల్చేది ఇంధనం ఉండే పెద్ద స్టీలు పాత్ర గోడలో రాగి పరమాణువులు ఎంత గుంపు కట్టాయి, స్టీలు ఎంత పెళుసెక్కింది అన్నదే. ఇరవై ఏళ్లు అదనంగా నడిస్తే కొత్త రియాక్టరు కట్టకుండానే ఒక రియాక్టరు వచ్చినట్టు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో 2047కి లక్ష మెగావాట్లన్నారు. 2025లో ఉన్నది తొమ్మిది వేలకి లోపే. అంత అవుతుందని నేను పందెం కాయను. కల్పాక్కం ఫాస్ట్ రియాక్టరు పని 2004లో మొదలైతే రియాక్టరు గర్భాన్ని నింపే పని (కోర్ లోడింగ్) 2024 మార్చిలో మొదలైంది, ఆ ఆలస్యాన్ని కళ్లారా చూసినవాణ్ణి. సగం అయినా మాకు చేతినిండా పనే. బాబాయ్ గారూ, అమ్మాయి ఖాళీగా కూర్చోదు.

సోలార్ సత్తెనపల్లి · మంగళవారం, రాత్రి 9:40

లోహం గారు "మీరు గెలుస్తారు" అన్న లైను స్క్రీన్‌షాట్ తీసుకున్నా. విజిటింగ్ కార్డు వెనక వేయిస్తా.

మిర్చియార్డు · మంగళవారం, రాత్రి 9:44

రాత్రి రెండింటి కరెంటు సంగతి కూడా అదే కార్డు మీద వేయించు.

సీతానగరం గట్టు · మంగళవారం, రాత్రి 10:10

లోహం గారూ, బోర్డు మీద రాయాలి అన్నారు చూడండి, అది మీ ఉద్యోగంలో ఉన్నవాళ్ల నోట వినడం బాగుంది. నా అభ్యంతరం పోలేదు. కానీ బొగ్గు ఉంచమని నేను అనడం లేదు, అది కూడా రాసి పెట్టుకోండి.

గొల్లపూడి బాబాయ్ · గురువారం, రాత్రి 8:50

రెండు రోజులు కనపడలేదని అనుకోకండి. బఠాణీల ప్రయోగం చేశాం.

మా ఆవిడ స్టీలు పళ్లెం ఇచ్చింది, బఠాణీలు మాత్రం తూచినట్టు ఇచ్చింది. బావమరిదినే పేర్చమన్నాను. అరగంట పట్టింది, వరస తప్పితే మళ్లీ మొదటికొచ్చాడు, పట్టుదల మనిషి. అమ్మాయి ఒక బఠాణీని వేలితో కొట్టింది. మూడు ఎగిరాయి, ఒకటి సోఫా కిందికి పోయింది. పళ్లెం ఊపితే రెండు ఖాళీలు పక్కపక్కకి చేరి ఆగిపోయాయి. బావమరిది వాటిని వేలితో మూయబోతే ఇంకోచోట తెరుచుకుంది. అలా ఎంతసేపు ఆడాడో! చివరికి "మరి దీన్ని కంప్యూటర్లో ఎన్ని బఠాణీలతో చేస్తావే" అని అడిగాడు. 5 లక్షలంటే నోరు తెరిచాడు. తుళ్లూరు కుర్రాడూ, నీ లెక్కే చెప్పాం, ఏమీ అనుకోకు.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పినాకినిలో రెండు టికెట్లు తీశాను. చెన్నై సెంట్రల్‌లో దిగాక కల్పాక్కం ఎలా వెళ్లాలో లోహం గారు కాస్త చెప్పండి. అమ్మాయి ఆ ట్యూబు ముక్క కూడా పట్టుకెళ్తానంటోంది. రైల్లో ఏమైనా అంటారా? చూడ్డానికి ఆయుధంలా ఉంటుంది.

లోహం · గురువారం, రాత్రి 9:05

ఏమీ అనరు, న్యూస్‌పేపర్లో చుట్టి అడుగున పెట్టమనండి. సెంట్రల్ ఎదురుగా పార్క్ స్టేషన్లో చెంగల్పట్టు లోకల్ ఎక్కండి, అక్కడ్నుంచి కల్పాక్కం బస్సు. ఎండకి గొడుగు తప్పనిసరి. ఇంటర్వ్యూలో ఆ ముక్క బల్ల మీద పెట్టమనండి, సగం ప్రశ్నలు దాని మీదే అడుగుతారు.

సోలార్ సత్తెనపల్లి · గురువారం, రాత్రి 9:20

ఆల్ ది బెస్ట్ చెప్పండి అమ్మాయికి. బాబాయ్ గారూ, మేడ కొలతలకి ఎప్పుడు రమ్మంటారు? మూడు కిలోవాట్లకి కేంద్రం సబ్సిడీ 78,000 ఉంది.

గొల్లపూడి బాబాయ్ · గురువారం, రాత్రి 9:31

తిరిగొచ్చాక రా బాబూ. నీళ్ల ట్యాంకు నీడ పడుతుంది పడమర వైపు, అది చూసుకుని వేయాలి.